జీపు అడుగున ఉప్పు

పోయిన నెల మా తమ్ముడు కొత్త బండి కొన్నాడు. కొండలెక్కుతుంది, బురదలో దిగుతుంది, నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయి అని వాడు చెప్పిన గొప్పలన్నీ ఓపిగ్గా విని, "కాళ్ళ కింద అడుగు ఎలా ఉందిరా" అని అడిగాను. నీకు బండిలో అదొక్కటే కనపడుతుందా అక్కా అని విసుక్కున్నాడు. కనపడుతుంది మరి. ఈ దీవుల్లో బండి చచ్చేది ఇంజను వల్ల కాదు, అడుగు వల్ల. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద ఇనప రేకు ఉప్పుగాలికి అప్పడంలా పొడైపోతుంది. నా పోరు పడలేక గారాచర్మా దారిలో ఉన్న ఒక షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ ముసుగేసుకున్న మనిషి ఒక గొట్టంతో బండి లోపల నల్లటి పూత చిమ్ముతున్నాడు. గంటలో అయిపోతుందిట, బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుందిట. ముందు దేనితో కడిగావు భయ్యా అని అడిగాను. షాంపూతో దీదీ అన్నాడు. ఆ నీళ్ళు ఎక్కడివి అన్నాను. ఆ మనిషి నాకేసి చూసి, మా తమ్ముడికేసి చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. తమ్ముడు నన్ను బయటికి లాక్కొచ్చి టీ ఇప్పించాడు.

వాడి తప్పేం లేదు, వాడు అప్పుడు విశాఖపట్నం హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఆ నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళం ఇంట్లో ముగ్గురం: అమ్మ, తాత, నేను. ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. మా అమ్మాయికి తెలుగు గలగలా వచ్చు గాని చదవడం రాదు. ఇది రాసి దానికి చదివి వినిపిస్తాను. విననంటే కూర్చోబెట్టి మరీ వినిపిస్తాను.

మా ఇల్లు బతు బస్తీలో పల్లపు వైపు ఉండేది. పెరటి వెనక మడ చెట్లు, వాటి వెనక ఖాడీ. సముద్రం భూమిలోకి వేలు పెట్టినట్టుగా వచ్చిన నీటి పాయని ఇక్కడ ఖాడీ అంటాం. నాన్నకి ఒక జీపు ఉండేది. పోర్ట్ బ్లెయిర్ బజార్లో సరుకు ఎత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న కొట్లకి చేర్చేవాడు. ఆ జీపులో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి, కిరసనాయిలు, ఎండు చేపలు, గోనె సంచుల్లో బియ్యం. సాయంత్రం ఇంటికి రాగానే నాన్న అన్నం అడిగేవాడు కాదు. ముందు రబ్బరు చాపలు బయటికి లాగి, తడిగుడ్డతో అడుగంతా తుడిచి, తలుపులు తెరిచి ఆరబెట్టేవాడు. అమ్మ గుమ్మంలో నించుని, నా మొహం ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశారా అని సాగదీసేది. బ్రూక్షాబాద్ ఎత్తు రోడ్డు మీద నాకు స్టీరింగు ఇచ్చి డ్రైవింగు నేర్పింది కూడా నాన్నే. ఆడపిల్లకి జీపు ఎందుకని ప్రార్థనకి వచ్చిన పెద్దలు ఒకరిద్దరు అడిగితే, బండికి ఆ సంగతి తెలీదు లెండి అని నవ్వేసేవాడు. ఆయన పచ్చకామెర్లతో పోయాక అమ్మే వ్యాపారం నడిపింది. డ్రైవరుగా ఒక తమిళ అన్నని పెట్టుకుంది. నాకు పందొమ్మిదేళ్ళు. నేను తోల్తానంటే చూద్దాంలే అనేది.

తాత అంటే అమ్మ నాన్న. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి పడుచు వయసులో ఓడెక్కి వచ్చేసి, పడవలు చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. పడవకి తారు పూసే ముందు, కడిగి ఆరబెట్టిన చెక్కని నాలికతో చూసేవాడు. ఉప్పు తగిలితే మళ్ళీ కడగాల్సిందే. ఉప్పు మీద పూసిన పూత నిలవదనీ, ఉప్పు గాల్లో తేమని లోపలికి పీల్చుకుని పూతని పైకి పొంగిస్తుందనీ చెప్పేవాడు. ఉప్పు చూసే రోజు పొద్దున్నించీ చుట్ట ముట్టుకునేవాడు కాదు. బావి దగ్గర నీళ్ళు తోడుకుని బాగా పుక్కిలించి, కళ్ళు మూసుకుని, చెక్కకి నాలిక ఆనించేవాడు. చిన్నప్పుడు నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆయన మాత్రం చర్చిలో కూర్చున్నంత గంభీరంగా ఉండేవాడు. జెట్టీ దగ్గర మిగతా పడవల వాళ్ళు కూడా ఆయన్ని పిలిచి తమ పడవలు చూపించుకునేవాళ్ళు.

ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు ఆదివారం. ఆరాధనకి తయారవుతుంటే భూమి ఊగింది. అందరం ఎత్తు మీదికి పరిగెత్తాం. అలలు లేచి విరుచుకుపడతాయని కథల్లో చెబుతారు గాని, మా వైపు నీళ్ళు చప్పుడు లేకుండా ఖాడీలోంచి పొంగుతూ పెరట్లోకి, పెరట్లోంచి ఇంట్లోకి వచ్చాయి. వంటింటి గోడ ఒకటి కూలింది, కోళ్ళు కొట్టుకుపోయాయి. నికోబార్ నుంచి వచ్చినవాళ్ళ సంగతులు విన్నాక మేం పోగొట్టుకున్నది చెప్పుకోడానికే సిగ్గేసింది. షెడ్డులో జీపు మాత్రం రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. నేల కుంగిపోయింది కాబట్టి ప్రతి పోటుకీ నీళ్ళు వచ్చి దాని కడుపులో దూరేవి. వారాలపాటు ఎత్తు మీద చర్చి హాల్లో పడుకున్నాం. ఖాడీ నీళ్ళు రాకుండా వీధి వాళ్ళంతా గట్టు వేసుకుని తిరిగి ఇంటికి వచ్చేసరికి డ్రైవరు అన్న తన వాళ్ళ కోసం మద్రాసు ఓడెక్కేశాడు. మెకానిక్కు ఇంజను విప్పి, కడిగి, ఎలాగో బతికించాడు. అడుగు మాత్రం నా వల్ల కాదు దీదీ అని అమ్మతో చెప్పేశాడు. చాప ఎత్తి చూస్తే నాలుగైదు చోట్ల నేల కనపడుతోంది.

అప్పుడే విశాఖపట్నం నుంచి పెదనాన్న వచ్చాడు. నాన్నకి అన్నగారు. దుప్పట్లు, పప్పు, మందులు మోసుకుని ఓడలో నాలుగు రోజులు కక్కుకుంటూ వచ్చిన మనిషి, ఆయన్ని చెడ్డవాడంటే నా కళ్ళు పోతాయి. బ్రూక్షాబాద్‌లో తెలిసినవాళ్ళింట్లో దిగి రోజూ మా ఇంటికి వచ్చేవాడు. కానీ వచ్చిన మొదటి రోజే అంతా తేల్చేశాడు. జీపు పాత ఇనుము కింద అమ్మేద్దాం, ఇల్లు ఎవరికైనా ఇచ్చేద్దాం, తాతతో సహా అందరూ తిరుగు ఓడలో నాతో వచ్చేయండి అన్నాడు. మా దొడ్లో రెండు గదులు ఉన్నాయి, అమ్మకి పని చెయ్యాల్సిన అవసరం లేదు, పిల్లకి సంబంధం చూద్దాం అని అన్నీ ఆయనే ఏర్పాటు చేసేసుకున్నాడు. అయినా ఈ దీవుల్లో ఏముందని అన్నాడు. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. మా నాన్న సమాధి ఉంది ఇక్కడ. నేను పుట్టిన మంచం ఉంది. ఏముందని అడిగేవాడికి ఏం చూపిస్తాం?

అమ్మ తలుపు వెనక నించుని వింటోంది. నేను మాత్రం ఆగలేకపోయాను. జీపు పాసింగ్‌కి తీసుకెళ్తాను పెదనాన్నా అన్నాను. పాసింగ్ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇన్‌స్పెక్టరు చూసి ఇచ్చే కాగితం. ఆ కాగితం వస్తే నేనే తోల్తాను, వ్యాపారం నడుస్తుంది, మేం ఉంటాం. రాకపోతే నోరెత్తకుండా ఓడెక్కుతాం. పెదనాన్న నవ్వి సరేనన్నాడు. అడుగులోంచి నేల చూసినవాడు మరి, నవ్వడూ?

తాతా నేనూ మొదలుపెట్టాం. సీట్లు విప్పాం. తుప్పంతా ఇనప బ్రష్షుతో గీకాం. చిల్లులు పడ్డ చోట మెకానిక్కు చేత రేకు ముక్కలు వెల్డింగ్ చేయించాం. తర్వాత బావి నీళ్ళతో అడుగంతా కడిగి కడిగి చేతులు పడిపోయాయి. ఆ బావి సంగతి చెప్పాలి. సముద్రం వచ్చాక అందులో నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. అందరం ట్యాంకరు దగ్గర క్యూ కట్టి తెచ్చుకునేవాళ్ళం. పంపు పెట్టి బావిని మూడుసార్లు తోడించాం. కొన్నాళ్ళకి, పెదనాన్న రాకముందే, మా వీధి వాళ్ళంతా ఊట బాగుపడిందన్నారు, నిజమే, ఇబ్బంది లేకుండా తాగగలిగాం. ఎండలో క్యూ తప్పిందని అమ్మ సంతోషించింది. జీపు ఆరాక, తాత చుట్ట మానేసి, అదే బావి నీళ్ళు పుక్కిలించి, సీట్లు లేని ఆ బండిలోకి పాక్కుంటూ దూరి, నాలుగు మూలలా నాలిక ఆనించి చూశాడు. ఉప్పు నేదే, పూత కలుపు అన్నాడు. ఎర్ర రంగు ఒక పూత పూశాం. దాని మీద తాత పడవల పూత. తారు మరిగించి, అందులో గుగ్గిలం పొడి పోసి కరిగించి, వేడి మీదే కొబ్బరి పీచు కుంచెతో పట్టించాం. ఆ వాసనకి వీధి వీధంతా కిటికీలు మూసుకుంది.

పది రోజులు తిరక్కుండా పూత పొంగింది. అక్కడక్కడా బొబ్బలు లేచాయి. పెదనాన్న వచ్చి ఒక బొబ్బని బొటనవేలితో నొక్కితే చిట్లి గోధుమరంగు నీళ్ళు కారాయి. ఆయన ఎగతాళి చెయ్యలేదు. అదే ఇంకా ఒళ్ళు మండింది. వేలు రుమాలుతో తుడుచుకుని, వచ్చే నెల ఓడకి టికెట్లు తీసుకుంటాను మరి అని మెల్లిగా అన్నాడు. తాత ఆ పూట అన్నం తినలేదు. నా చేత్తో పూసిన పడవ ఏదీ ఇలా పొంగనేదని గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు.

డిగ్లీపూర్‌లో పిన్ని ఉంది, అమ్మ చెల్లెలు. వెళ్ళిపోతున్నామని చెప్పి రమ్మని అమ్మ నన్ను బస్సెక్కించింది. దారి పొడుగునా ఏడ్చాను. అక్కడ పిన్ని వాళ్ళది పొలం. కొండ మీంచి దిగే వాగు నీళ్ళే తాగుతారు. ఐదు రోజులున్నాను. వెళ్తున్నామని చెప్పడానికి నోరు రాక చివరి రోజు చెప్పాను. పిన్ని నన్ను పట్టుకుని ఏడ్చింది గాని, తర్వాత మొహం కడుక్కుని, మీ తాత పూత పొంగడం ఏమిటే, నేను పుట్టి ఎప్పుడూ వినలేదు అని పదే పదే అంది. ఆ మాట బస్సులో దారంతా నా చెవిలో తిరిగింది.

ఇంటికి చేరగానే అమ్మ టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాను. అమ్మా, పంచదారకి బదులు ఉప్పు వేశావేమిటే అన్నాను. రోజూ చేసే టీనే కదా, ఐదు రోజులు పిన్ని ఇంట్లో ఉండి వచ్చేసరికి మా ఇంటి టీ పనికిరాలేదా అని అమ్మ ఒంటికాలి మీద లేచింది. తనూ తాగి చూసింది, బానే ఉందంది. తాతా తాగాడు, బానే ఉందన్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్ళి చేద వేసి తోడుకుని దోసిలితో తాగాను. ఉప్పు. నాలిక ముడుచుకుపోయేంత ఉప్పు. బావి బాగుపడలేదు. మా నాలికలే దానికి అలవాటు పడిపోయాయి. ఉప్పు కడగడానికి ఉప్పు నీళ్ళు పోశాం. ఉప్పుందో లేదో చూడడానికి ఉప్పు నీళ్ళే పుక్కిలించాం. పెదనాన్న మా ఇంట్లో మొదటి రోజు టీ ఒక గుక్క తాగి పక్కన పెట్టేసి, తర్వాత ఎప్పుడిచ్చినా టీ మానేశానని చెప్పడం గుర్తొచ్చింది. పట్నం వాళ్ళ గొప్పలని అమ్మ ఎంత మూతి ముడుచుకుందో. పాపం, ఆయన మర్యాదస్తుడు, చెప్పలేకపోయాడు.

తాత వెళ్ళి బావి చపటా మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుంటే తలెత్తకుండానే అన్నాడు:

"నా నాలిక సచ్చిపోనాదే. ఇక నువ్వే సూడాల."

ఆ మాట అనడానికి ఆ ముసలాయనకి ఎంత కష్టమైందో నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఇప్పుడు నా చేతిలోంచి మా అమ్మాయి పని లాక్కున్నప్పుడల్లా మిగతా సగం అర్థమవుతోంది.

వానల్లేని రోజులు. మంచినీళ్ళంటే ట్యాంకరు నీళ్ళే. అది ఎగువ వీధిలో బావుల్లేని వాళ్ళ కోసం వచ్చేది. బిందెలు పట్టుకుని వెళ్ళి క్యూలో నించున్నాను. ఇంట్లో బావి పెట్టుకుని మా నీళ్ళకి వచ్చావా అని ఆడవాళ్ళు తగులుకున్నారు. మా బావి ఉప్పు, మా వీధి బావులన్నీ ఉప్పే, నమ్మకపోతే వెళ్ళి తాగి చూడండి అన్నాను. తాగడానికేనా అని ఒకావిడ అడిగింది. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. జీపు కడగడానికి అన్నాను. ఇక చూస్కోండి. హిందీలో, తెలుగులో, బెంగాలీలో తిట్లు. మనుషులకి చుక్క లేకపోతే ఇనుముకి స్నానమా అన్నారు. నా వంతు వచ్చేదాకా కదల్లేదు. నా వంతే పట్టుకున్నాను, ఒక్క చెంబు ఎక్కువ పట్టుకోలేదు, కానీ నా వంతు నేను తాగుతానా, బండికి పోస్తానా, అది నా ఇష్టం. ఈ రోజుకీ ఆ ఆడవాళ్ళకి క్షమాపణ చెప్పలేదు, చెప్పను.

ఇంట్లో అమ్మ తన వంతు బిందె కూడా తెచ్చి జీపు పక్కన పెట్టింది. వారం రోజులు మేం తాగింది కొబ్బరి బొండాలే. బొండాం నీళ్ళతో టీ పెడితే ఎలా ఉంటుందో ఎవరూ అడగొద్దు, నేను చెప్పను. పాత పూత మొత్తం గీకేశాం. బట్ట ముక్కలు మంచినీళ్ళలో ముంచి, తుడిచి, పిండి, మళ్ళీ ముంచి, చెంబుడు నీళ్ళు గచ్చకాయంత చోటుకి ఖర్చు పెట్టుకుంటూ కడిగాం. ఆరాక నేను దూరాను. కళ్ళు మూసుకుని రేకుకి నాలిక ఆనించాను. ఉప్పు. మర్నాడు మళ్ళీ కడిగాం. సీటు కింద మూల ఇంకా ఉప్పే. మూడోసారికి తాత బయట నించుని, ఏటే, ఏటైనాదీ అని ఆత్రంగా అడుగుతున్నాడు. నాలుగు మూలలూ చూశాను. వట్టి ఇనుము రుచి, చల్లగా, నెత్తురు రుచిలాగ. నాకు ఏడుపొచ్చింది. తాతా కలుపు అన్నాను.

రెండోసారి పూత ఆయనే పూశాడు. కాలు జారకుండా పైన సన్నటి వాగు ఇసక చల్లాడు. పదిహేను రోజులు చూశాం, ఒక్క బొబ్బ లేవలేదు. పాసింగ్ రోజు ఇన్‌స్పెక్టరు ముందు జీపుని చూసి, తర్వాత స్టీరింగు దగ్గర నన్ను చూసి, సునామీ గాడీ హై క్యా అన్నాడు. అవునన్నాను. చాప ఎత్తమన్నాడు. సుత్తితో అడుగు పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. వెనక వైపు బూట్లతో ఎక్కి గెంతాడు కూడా. తర్వాత వంగి వాసన చూసి, యే తో నావ్ హై అన్నాడు. పడవే సర్ అన్నాను. కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు గంటలో పూత చిమ్మేస్తున్నారు. మంచిదే, ఎవరొద్దన్నారు? ఆ కష్టం మళ్ళీ కావాలని అనేంత పిచ్చిదాన్ని కాను. తారు పొగకి పట్టిన దగ్గు తాత పోయేదాకా పోలేదు. బతు బస్తీకి ఇప్పుడు గొట్టాల్లో నీళ్ళొస్తున్నాయి, వచ్చిన రోజు. కానీ ఒకటి చెప్తాను. విశాఖపట్నం పెళ్ళిళ్ళకి వెళ్తే చుట్టాలు ఇప్పటికీ, అంత జరిగాక కూడా అక్కడే ఉన్నారా, అక్కడేముందే అని జాలిగా అడుగుతారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. నీళ్ళొచ్చిన ఇంట్లో ఎందుకుండిపోయారని అడిగితే, మా ఇల్లు కాబట్టి. అంతకంటే పెద్ద కారణం ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి చూపించమనండి.

ఓడ బయల్దేరే రోజు పెదనాన్నని హడ్డో జెట్టీకి నేనే జీపులో తీసుకెళ్ళాను. మా కోసం కొన్న టికెట్లు తిరిగి ఇచ్చేశాడు. మాట తప్పే మనిషి కాదు. ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు, వెనక అమ్మా తాతా. బయల్దేరాక చూద్దును కదా, ఆయన రెండు కాళ్ళూ ఎత్తి సూట్‌కేసు మీద పెట్టుకున్నాడు. అడుగులోంచి నేల చూసిన కళ్ళు అవి, నమ్మలేకపోతున్నాయి. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది, నోరు తెరవబోయాను. అమ్మ పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనతో ఎదురుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి, నాన్న ద్వారానో నా ద్వారానో. అలాంటిది వెనక సీట్లోంచి ముందుకి వంగి, కొంగు సర్దుకుని, ఆయన మొహంలోకి చూస్తూ చెప్పింది.

"కాళ్ళు కింద పెట్టుకోండి బావగారూ. రేపట్నుంచి మేం బతకాల్సింది దీని మీదే."

పెదనాన్న ముందు ఒక కాలు దించాడు. కాసేపాగి రెండోదీ దించాడు.